మీ తర్వాతి సిట్టింగ్ నిన్న

పదకొండింటికి ఇంకా యాభై ఆరు నిమిషాలు, అంతసేపూ ఒళ్లో ఉన్న ఈ ల్యాప్‌టాప్ మూత తియ్యకూడదని ఇప్పటికి నాలుగుసార్లు ఒట్టు పెట్టుకున్నాను, నాలుగుసార్లూ తీశాను, తీసిన ప్రతిసారీ అదే ఆకుపచ్చ, ప్రోగ్రాముకి పెట్టిన నాలుగువేల మూడువందల పరీక్షలూ పాసైనట్టు వరసగా ఆకుపచ్చ టిక్కులు, ఇంకేం కావాలే నీకు అని నన్ను నేనే తిట్టుకుని మూసేస్తున్నాను. ఎదురుగా ఏడో నంబరు కుర్చీలో మామయ్యగారు ఎడమ చెయ్యి కదపకుండా చాపుకుని, కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకుని దాని కుట్టు పరీక్ష చేస్తున్నారు. నలభై రెండేళ్లు దర్జీగా మిషను తొక్కిన మనిషి, తన రక్తం గొట్టంలోంచి మెషిన్లోకి పోయి కడుక్కుని తిరిగొస్తుంటే అటు చూడరు, దుప్పటి కుట్టు చూస్తారు. "ఎవడు కుట్టాడోగానీ పదిహేను రోజుల్లో ఊడుతుందమ్మాయ్," అన్నారు ఇందాక. నేను ఊఁ అన్నాను. నా కుట్టు సంగతి పదకొండింటికే తేలిపోతుంది మామయ్యా అని పైకి అనలేదు.

ఇలా వచ్చి కూర్చోవడం మా కంపెనీ పద్ధతి. డయాలసిస్ సెంటర్లకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ మాది, మొత్తం పదిహేనుమందిమి. ఏ రోగి ఏ రోజు ఏ గంటకి ఏ కుర్చీలో కూర్చోవాలో మా ప్రోగ్రామే లెక్కేస్తుంది, తర్వాతి సిట్టింగ్ ఎప్పుడో రోజూ పదకొండింటికి అందరి ఫోన్లకీ మెసేజ్ పంపిస్తుంది. పెద్ద మార్పు ఏది చేసినా ముందు ఒక్క సెంటర్లో వదలాలి, వదిలిన రోజు ఆ మార్పు చేసిన మనిషి వెళ్లి రోగుల మధ్య కూర్చోవాలి. ఏసీ గదిలో కూర్చుంటే తప్పులు కనపడవని మా మొదటి యజమాని పెట్టిన రూలు, ఆయన పోయాడుగానీ రూలు పోలేదు. మా మేనేజర్ని అందరం ఇవాళాయన అంటాం, ఏ పనైనా ఎప్పటికి కావాలి బాబూ అంటే "ఇవాళే" అంటాడు కాబట్టి. "ఏ సెంటర్లో వదులుదాం అక్కా?" అని అతను అడిగితే నేనే నోరు జారి మా మామయ్యగారు వెళ్లే సెంటరే అన్నాను. పరాయివాళ్ల మీద ప్రయోగాలు చెయ్యకూడదు కదా అని పైకి చెప్పాను గానీ అసలు సంగతి అది కాదు. పదకొండింటికి ఆయన ఫోను మోగితే, మెసేజ్ చూసుకుని, ఇది మా కోడలు చేసిందే అని పక్క కుర్చీవాళ్లతో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అంటారేమోనని నా ఆశ. పెళ్లై పంతొమ్మిదేళ్లు. మీ కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ "ఏదో కంప్యూటరు" అంటారు, ఏదో దగ్గు అన్నట్టు.

అసలీయన్ని ఈ కుర్చీ దాకా తీసుకురావడానికే మూడు నెలలు పట్టింది. డాక్టరు చెప్పాడు, వినలేదు. మా ఆయన కాళ్లావేళ్లా పడ్డాడు, వినలేదు. అత్తయ్య అన్నం మానేసింది, ఒక్కపూటే అనుకోండి, రెండో పూటకి ఆకలేసి తినేసింది. వారానికి మూడుసార్లు వెళ్లి పడుకోడానికి నేనేమైనా పసిపిల్లాణ్ణా అని ఒకటే గొడవ. ఆఖరికి ఒకరోజు నన్ను పిలిచి, కొడుకుని కాదు, పెళ్లాన్ని కాదు, నన్నే పిలిచి షరతు పెట్టారు. "అమ్మాయ్, బుధవారం ఆరింటికి అన్నానంటే బుధవారం ఆరింటికే చొక్కా చేతిలో పెట్టాను, నలభై రెండేళ్లలో ఒక్కడూ ఒకే చొక్కా కోసం నా కొట్టు మెట్లు రెండోసారి ఎక్కలేదు. నాకూ అలాగే జరగాలి. మీరు చెప్పిన రోజు ఒక్కసారి తప్పిందా, ఆ రోజుతో ఆఖరు, ఇక నన్ను రమ్మనొద్దు," అన్నారు. అలాగే మామయ్యా అన్నాను, రాసేది నేనేగా అన్న ధీమా. ఏడు నెలలైంది, తొంభైకి పైగా సిట్టింగులు, ఒక్కటీ తప్పలేదు. తప్పితే మాత్రం అన్నంత పనీ చేస్తారు, అందులో అనుమానం లేదు. కాఫీలో పంచదార ఎక్కువైందని ఒకసారి అలిగి పన్నెండేళ్లు కాఫీ ముట్టని మనిషి. కాఫీ మానేస్తే ఏమీ కాదు. ఇది వరసగా రెండుసార్లు మానేస్తే ఏమవుతుందో డాక్టరు నన్ను గది బయట నిలబెట్టి చెప్పాడు, ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తేదీలే కదా, అదేం పని అంటారు జనం. తేదీలే నాయనా, తేదీలే నా కొంప ముంచేది. ఆఫీసులో నా పేరు క్యాలెండరక్క, ఎందుకంటే పదకొండేళ్లుగా ఆ పని ఇంకెవరూ ముట్టుకోరు. నిజానికి తేదీల లెక్క ఎవరూ సొంతంగా రాయరు, ఎక్కడో ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టిన కోడు తెచ్చి వాడుకుంటాం, దాన్ని లైబ్రరీ అంటాం, పుస్తకాలు మాత్రం ఉండవు. ఫిబ్రవరికి ఎన్ని రోజులు, ఆదివారం ఎప్పుడు పడుతుంది, అన్నీ అదే చూసుకుంటుంది. మేం తెచ్చుకున్నదానికి ఒక జబ్బు ఉండేది, నెలల్ని సున్నా నుంచి లెక్కపెట్టేది. జనవరి అంటే సున్నా, డిసెంబరు అంటే పదకొండు. పోనీ రోజులు కూడా సున్నా నుంచే మొదలవుతాయా అంటే అబ్బే, అవి ఒకటి నుంచే. ఎవరికి పుట్టిన బుద్ధో అది. నాకు ముందు ఈ పని చేసిన పాతాయన పాపం నెల కనపడిన ప్రతిచోటా ఒకటి కలిపి, పక్కనే "ఇక్కడ ఒకటి కలపాలి, ఎందుకని అడగొద్దు" అని రాసుకుంటూ పోయాడు, చివరికి విసుగెత్తి ఉద్యోగం మానేసి కోళ్లఫారం పెట్టాడు. నేనొచ్చి ఆయన కలిపినచోట కొన్నిట్లో తీసేశాను, తీసేసినచోట కొన్నిట్లో మళ్లీ కలిపాను, మొత్తానికి ఇద్దరి తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని తేదీలు మాత్రం చక్కగా వచ్చేవి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే మా అమ్మాయి స్కూలు ఫారంలో పుట్టిన నెల ఒకటి తక్కువ రాసి సంతకం పెట్టాను. స్కూలు లెక్కల్లో అది ఇప్పటికీ ఒక నెల పెద్దది. చదువుకోవే అని గట్టిగా అంటే చాలు, "నా పుట్టినరోజు కూడా తెలీని అమ్మవి" అంటుంది.

సిస్టరు వచ్చి మెషిన్ మీద ఏదో బటన్ నొక్కి, మామయ్యగారి బీపీ చూసి, "బాగుంది తాతయ్యా, ఇంకో గంట," అంది. ఆయన తలూపి, "నీ కోటుకి మూడో గుండీ వదులైంది, చూసుకో," అన్నారు. పక్కన ఎనిమిదో కుర్చీలో రిటైరైన లెక్కల టీచరమ్మ, ఆవిడకి టీవీ పడదు, సూది లేని చేత్తో పుస్తకంలో లెక్కలు చేసుకుంటూ ఉంటుంది, నాలుగు గంటలూ లెక్కలే. గదిలో చలి. ఇరవైనాలుగు కుర్చీలు, ఇరవైనాలుగు దుప్పట్లు, ఇరవైనాలుగు మెషిన్లు ఒకే గొంతుతో గురకపెడుతున్నట్టు చప్పుడు. నేను మళ్లీ మూత తీశాను. ఆకుపచ్చే. మూసేశాను.

ఇన్నాళ్లూ బండి సాఫీగా నడుస్తుంటే ఎందుకు కెలికావమ్మా అంటే, నేను కెలకలేదు, కెలికించారు. లైబ్రరీలకి మూడు అంకెల నంబరుంటుంది. చివరి అంకె మారితే ఇల్లు ఊడ్చారని, మధ్య అంకె మారితే కొత్త గది వేశారని, మొదటి అంకె మారిందంటే ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టారని, మన పాత తాళంచెవి ఇక పట్టదని. అందుకే వచ్చిన కొత్తలోనే నేను ఆ మొదటి అంకె దగ్గర గట్టిగా మేకు దిగ్గొట్టాను, లోకం ఎటైనా పోనీ మేం ఈ అంకె దాటం అని. లోకం పోయింది. వాళ్లు రెండో ఇల్లు కట్టారు, మూడోది కట్టారు, నాలుగోది కట్టి, మొదటి ఇంటికి ఈ నెలాఖరు నుంచి కరెంటు పీకేస్తున్నాం, కన్నాలు పడినా, దొంగలు పడినా మాకు సంబంధం లేదు అని నోటీసు పెట్టేశారు. రోగుల వివరాలుండే ప్రోగ్రాము, దొంగలు పడితే ఎలా? ఇవాళాయన పరిగెత్తుకొచ్చి "ఇవాళే మార్చాలక్కా" అన్నాడు. ఇవాళ కాదు, మూడువారాలు పట్టింది. కొత్తదానికి బుద్ధొచ్చింది, జనవరి అంటే ఒకటి. సంతోషమే, కానీ నేనూ పాతాయనా పోటీలుపడి కలిపినవీ తీసినవీ రెండువందల పన్నెండు చోట్ల ఉన్నాయి, అన్నీ వెతికి వెతికి పీకాలి, ఒక్కటి మిగిలినా జూన్‌లో రావాల్సిన మనిషి జూలైలో వస్తాడు. వస్తే కదా.

ఆ మూడువారాలూ ఇంట్లో నాతో వేగలేకపోయారు. ఒకరోజు వంటింటి గడియారం చూసి నాకు నవ్వాగలేదు. అమ్మాయికి బస్సు తప్పిపోతోందని అత్తయ్య ఎప్పుడో ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పింది. అది ముందుందని అమ్మాయికి తెలుసు కాబట్టి పది తీసేసి చూసుకునేది. అమ్మాయి తీసేస్తోందని నాకు తెలుసు కాబట్టి నేను ఇంకో అయిదు కలిపాను. అత్తయ్యకి చెప్పలేదు. ఇంతలో ఒక ఆదివారం మా ఆయనకి బుద్ధిపుట్టి, ఈ గడియారం తప్పు చూపిస్తోందే అని స్టూలెక్కి సరిగ్గా టైము పెట్టాడు. అంతే, ఆ వారమంతా అమ్మాయికి బస్సు తప్పింది, నాకు ఆఫీసు వ్యాను తప్పింది, అత్తయ్య పాలు పొంగించింది. తప్పు గడియారంతో ఏళ్లతరబడి హాయిగా బతికినవాళ్లం ఒప్పు గడియారంతో వారం బతకలేకపోయాం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, మా ఆయన మాత్రం ఇప్పటికీ "నేను చేసింది కరెక్టేగా" అంటాడు. కరెక్టే మహానుభావా, ఎవరు కాదన్నారు. చెప్పి చెయ్యొచ్చుగా.

నెలల సంగతి అయ్యాక ఇంకోటి మిగిలింది, అసలు ప్రాణం తీసింది అదే. పాత లైబ్రరీని ఈ తేదీకి రెండు రోజులు కలుపు అంటే ఆ తేదీనే పట్టుకుని మార్చేసేది. కొత్తది అలా కాదు, పాత తేదీని ముట్టుకోదు, రెండు రోజులు కలిపిన కొత్త తేదీ తయారుచేసి నీ చేతికిస్తుంది, చెయ్యి చాపి పుచ్చుకుంటే పుచ్చుకున్నావు, లేకపోతే అది గాల్లో కలిసిపోతుంది, నీ దగ్గర పాతదే ఉంటుంది. మామయ్యగారికి ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాను కూడా, పొడుగు చొక్కా తెచ్చి పొట్టి చెయ్యమంటే పాత దర్జీ దాన్నే కత్తిరించేవాడు, కొత్త దర్జీ దాన్నలాగే ఉంచి ఇంకో పొట్టి చొక్కా కుట్టి గుమ్మంలో పెడతాడు, మీరు తీసుకోకపోతే పొడుగుదే వేసుకుని తిరుగుతారు అని. ఆయన ముద్ద ఆపి, "రెండో చొక్కాకి గుడ్డ ఎక్కడిది?" అన్నారు. అలా తేదీకి రోజులు కలిపేచోట్లు ముప్ఫై ఏడు. ముప్ఫై ఏడూ దిద్దాను. దిద్దాననే నమ్మకం. ఒక్కోదానికి పరీక్ష ఉంది, అన్నీ ఆకుపచ్చే, చూశారుగా.

"నూటికి నూరు," అంది టీచరమ్మ పుస్తకం మూస్తూ. గోడ గడియారం పది నలభై ఆరు. ఎవరికొచ్చాయండీ అన్నాను, మాట కలపాలి కదా. "నాకేనమ్మా. నేనే లెక్క వేసుకుంటాను, నేనే చేస్తాను, నేనే దిద్దుకుంటాను. ఏడాదిన్నరగా ఒక్క మార్కు కూడా పోలేదు," అని కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, లోపల ఎక్కడో కాలికింద మెట్టు లేనట్టు దిగబడింది. నేనే వేసి, నేనే చేసి, నేనే దిద్ది. తర్వాతి సిట్టింగ్ తేదీకి నేను పరీక్ష ఎలా రాశాను? పదకొండేళ్ల క్రితం, చేరిన మొదటి నెల, పరీక్ష లేదని అప్పటికింకా మానెయ్యని పాతాయన అరిస్తే ఆ సాయంత్రమే హడావిడిగా రాసి పడేశాను. తర్వాతి తేదీ ఎప్పుడు అని ప్రోగ్రాముని అడగడం, మళ్లీ అదే ప్రోగ్రాముని ఇంకోసారి అడగడం, రెండు జవాబులూ ఒకటేనా చూడటం. ఒకటే ఉంటాయి. ఎందుకుండవు? దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అనడిగి, కాదంటే, మళ్లీ అడిగి, మళ్లీ కాదంటే, సరే అయితే నిజమేనని వదిలేసినట్టు. అది పాసైనా ఒకటే, పాసవకపోయినా ఒకటే, అసలు పాసవకపోవడం దానికి చేతకాదు.

మూత తీశాను. ఫైలు తీసి ఆ లైను వెతికాను, పది నలభై తొమ్మిదికి దొరికింది. ముప్ఫై ఏడు కాదు, ముప్ఫై ఎనిమిది. పాతాయన చేతి రాత, పక్కనే "ఇది మాత్రం ముట్టుకోవద్దు" అని హెచ్చరిక, నేను బుద్ధిమంతురాలిలా ముట్టుకోలేదు. ఆఖరిగా వచ్చిన రోజుకి రెండు రోజులు కలపడం, మధ్యలో ఆదివారం పడితే ఇంకోటి కలపడం, కలిపింది ఎవరూ పుచ్చుకోకపోవడం. కొత్త తేదీ గాల్లోకి, పాత తేదీ మెసేజ్‌లోకి. అంటే పదకొండింటికి ఈ సెంటరుకొచ్చే నూట నలభై నలుగురికీ ఏం పోతుందంటే, అమ్మో, ఆఖరిసారి ఎప్పుడొచ్చారో అదే పోతుంది. ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లకి తర్వాతి సిట్టింగ్ ఇవాళ. నిన్న వచ్చిన డెబ్భై ఇద్దరికి నిన్న. సోమవారం వచ్చి ఇవాళ మధ్యాహ్నం, సాయంత్రం మళ్లీ రావాల్సిన నలభై ఎనిమిదిమందికి మొన్న. అయ్యో మొన్నటిది అయిపోయిందిగా అని వాళ్లు ఇంట్లోనే కూర్చుండిపోతే?

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఫోను చేతిలోనే ఉంది, ఇవాళాయన నంబరు నొక్కితే ఒక్క మాట, ఆపు అని. నొక్కలేదు. ఏడు నిమిషాలు నొక్కలేదు. నొక్కితే ఏం చెప్పాలి? పదకొండేళ్లుగా మీరంతా చూసి మురిసిపోయిన నా ఆకుపచ్చ టిక్కుల్లో ఒకటి ఉత్తుత్తిదని చెప్పాలి. ఒకటేనా అంటాడు. ఏమో, ఎన్నో. క్యాలెండరక్కకి తేదీలు కూడటం రాదట అని కాఫీ మెషిన్ దగ్గర చెప్పుకుంటారు. పైగా ఇక్కడే, ఈయన ముందే కూర్చుని చెప్పాలి. ఎవరికీ తెలీకుండా ఇప్పుడే దిద్ది పంపించేస్తే? ప్రయత్నించాను. దిద్దాను. పంపడానికి ఇంకొకరు చూసి సరే అనాలి, అదీ మా కంపెనీ పద్ధతే, అదీ నేను పెట్టిందే. తాను తీసిన గోతిలో తానే అంటే ఇదే. ఛీ, ఎవరి పరువుకి ఎవరి ప్రాణం ఖరీదు అని నన్ను నేను ఎంతమాట అనాలో అంతా అనుకుని, పది యాభై ఆరుకి నొక్కాను. బిజీ. మళ్లీ నొక్కాను. బిజీ. పది యాభై తొమ్మిదికి ఎత్తాడు. "అక్కా, ఇప్పుడే మన యజమానికి చెప్తున్నా, అంతా ఆకుపచ్చ, క్యాలెండరక్క చేసిందంటే..."

"ఆపు నాయనా. ఇప్పుడే ఆపు. తప్పుంది, తప్పు నాదే."

"ఇవాళ కాదా?"

"ఇవాళ కాదు!"

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, పరుగు, ఎవరినో తిట్టడం, అన్నీ ఫోన్లో వినపడుతుండగానే మామయ్యగారి ఫోను టింగుమంది. తర్వాత టీచరమ్మది. తర్వాత గదంతా టింగు టింగు టింగుమని గుడిగంటల్లా ఇరవైనాలుగు ఫోన్లు. ఒక్క క్షణం అందరూ దుప్పట్లలోంచి ఖాళీ చేతులు తీసి ఫోన్లు చూసుకున్నారు. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని గట్టిగా చదివింది. "మీ తర్వాతి సిట్టింగ్ ఇవాళ ఉదయం ఏడింటికి. దయచేసి ఆలస్యం చేయకండి." చదివి నా వంక చూసింది, నలభై ఏళ్లు పిల్లల కాపీ పట్టుకున్న చూపు. ఈలోగా కౌంటర్ మీద ఫోను మోగింది, సిస్టరు ఎత్తి స్పీకర్లో పెట్టింది, ఎవరో పెద్దాయన ఆయాసపడుతూ, "అమ్మా, నిన్న ఏడింటికి రమ్మని వచ్చింది, ఇప్పుడు బయల్దేరితే అందుకుంటానంటావా?" అంటున్నాడు. ఎవరో పకపకా నవ్వారు. నేను లేచాను, ల్యాప్‌టాప్ కుర్చీలో పెట్టి గది మధ్యకొచ్చి నిలబడ్డాను.

"అందరూ ఒక్కమాట వినండి. ఆ మెసేజ్ తప్పు. దాన్ని రాసింది నేనే. దిద్దుతున్నాం, కానీ ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా ఇలాంటివే పోయాయి, నూట ఇరవైమంది, అందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను." మామయ్యగారి వైపు చూసే ధైర్యం లేదు, అయినా చూశాను. ఆయన ఫోన్ని చెయ్యి పొడుగునా దూరంగా పట్టుకుని చదువుతున్నారు, చదివిందే చదువుతున్నారు. అయిపోయింది అనుకున్నాను, ఏడు నెలలు, తొంభై సిట్టింగులు, ఒక్క లైను. ఏ మొహం పెట్టుకుని మా ఆయనకి చెప్పను?

"పన్నెండింటి బ్యాచ్ ఇంకో పావుగంటలో ఇంట్లోంచి బయల్దేరాలి. ఒక్కదానివి నూట ఇరవైమందికి ఎప్పటికి చేస్తావు?" అన్నారు ఫోన్లోంచి తలెత్తకుండానే. టీచరమ్మ అప్పటికే పుస్తకం వెనకపేజీలో ఏదో వేసింది. "ఇక్కడ ఇరవైనాలుగుమందిమి. తలా అయిదు," అంది. సిస్టరు ఒక్క క్షణం నావైపు అదోలా చూసి, కౌంటర్ కింద సొరుగు లాగి, లావుపాటి రిజిస్టరు బయటికి తీసింది. పేర్లు, ఫోన్లు, రోజులు, అన్నీ చేత్తో రాసినవి, నిన్నటిదాకా. "అంటే, మీ కంప్యూటర్ మీద నమ్మకం లేక కాదు మేడం..." అని నసిగింది. నాకు ఆ క్షణాన ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. దారంతో గుచ్చిన విడి కాయితాలే కాబట్టి తలో కాయితం పంచేశాం, ముందు పన్నెండింటివాళ్లవి. ఎప్పుడూ వచ్చే రోజే, ఎప్పుడూ వచ్చే టైముకే రండి, మెసేజ్ నమ్మకండి, అంతే చెప్పాలి. సూదులున్న చేతులు కుర్చీల మీద కట్టేసినట్టు పడుకునే ఉన్నాయి, రెండో చేతులన్నీ చెవుల దగ్గరికి లేచాయి. గదంతా ఒకటే గోల, సంతలా. పదిహేనో కుర్చీ లారీ డ్రైవరైతే "నిన్నకి ఎలా వెళ్తావురా, రివర్సు గేరా?" అని ఎవరిమీదో అరుస్తున్నాడు.

నేను నా వంతు చేస్తూనే ఒక చెవి ఏడో కుర్చీ మీద వేశాను. "ఆఁ, నేను దర్జీని, ఏడో కుర్చీ. నీకొక మెసేజ్ వచ్చి ఉంటుంది, దాన్ని పట్టించుకోకు, పన్నెండింటికి వచ్చెయ్. ఎవరి తప్పా? మా ఇంటి తప్పు. అవునయ్యా, మా ఇంటిదే, ఆ మెసేజీలన్నీ మా కోడలే పంపిస్తుంది. ఇది ఒక్కటే కాదు, ఇన్నాళ్లూ నీకు వేళకి వచ్చినవన్నీ కూడా మా అమ్మాయి పంపినవే. అవి వచ్చినప్పుడు ఒక్కనాడైనా ఫోన్ చేసి అడిగావా ఎవరు పంపారని?" అంటున్నారు. నా చేతిలో ఫోన్లో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు. కళ్లు తుడుచుకుని, రేపు అయిదింటికేనండీ, ఎప్పట్లాగే, అన్నాను.

పదకొండున్నరకి ఇవాళాయన ఫోన్ చేశాడు, పాతదానికి తిప్పేశాం అక్కా, రేపు కూర్చుని పరీక్షలన్నీ మొదట్నుంచి చూద్దాం అన్నాడు. అతని నోట రేపు అన్న మాట నేను వినడం అదే మొదలు. సిస్టరు మామయ్యగారి చేతి సూదులు తీసి, దూది నొక్కి పట్టుకోమంది. ఆ దూది నేను పట్టుకున్నాను. పన్నెండింటివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు, నేను గుమ్మం వైపు చూస్తూ లెక్కపెడుతున్నాను, పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. ఇరవైనాలుగోవాడు చెప్పులు విప్పుతుంటే ఊపిరొచ్చింది. అప్పుడు మామయ్యగారు లేచి, చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకుంటూ, "మరి నన్నెప్పుడు రమ్మంటావు?" అన్నారు.

"శుక్రవారం ఏడింటికి మామయ్యా."

"తప్పదుగా?"

తప్పదు అనబోయాను. పెదాల దాకా వచ్చింది. "ఏమో మామయ్యా. తప్పితే మాత్రం ముందు నేనే ఫోన్ చేసి చెప్తాను," అన్నాను.

ఆయన నన్ను ఓ క్షణం ఎగాదిగా చూశారు.

"అలాగైతే వస్తాను," అని బరువు చూసుకోడానికి తూకం మెషినెక్కారు.